నాయనమ్మకు చెప్పిన పనసకాయ

నా చిన్నప్పుడు బడి నుంచి రాగానే సంచీ పడేసి ఏడుపు మొదలుపెట్టేదాన్ని. పలక పగిలిందనో, పక్కపిల్ల గిల్లిందనో, రోజుకో కారణం. మా ఊరు ఉద్దానంలో. మా నాయనమ్మ వీధి అరుగు మీద కూర్చుని కొబ్బరి ఈనెలు చీరుతూ అంతా వినేది. విన్నాక, "సర్లే. ఇయేళ కంటికి నచ్చిందేటి సూసినావో అది సెప్పు ముందు. అప్పుడే బువ్వ" అనేది.

బువ్వ కోసమే దారిలో ఏదో ఒకటి వెతికేదాన్ని. జీడితోటలో ఉడుత, అప్పుడే పుట్టిన ఎర్రదూడ, ఎవరింటి ముందో ఆరబోసిన మిరపకాయలు. ఆమె ఊరుకునేది కాదు. ఏ రంగు, ఎంత ఉంది, ఎటు తిరిగి ఉంది అని తవ్వి తవ్వి అడిగేది. అదంతా ముసలిదాని చాదస్తం అనుకునేదాన్ని.

ఒకరోజు నాకు వెతకబుద్ధి కాలేదు. "పెరట్లో పనస కాసింది, మొదలు దగ్గరే, ఇంత కాయ" అనేశాను. మా తాతయ్య నాటిన చెట్టు అది. ఆయన ఉండగా కాయలేదు, పోయాక కూడా ఒక్క పిందె వెయ్యలేదు.

నాయనమ్మ చేతిలోని ఈనెలు జారిపోయాయి. "నిజిమేనా?" అంటూ లేచి, గోడ పట్టుకుని పెరట్లోకి నడిచింది. నేను వంటింటి గడపలో నిలబడి నవ్వు ఆపుకుంటున్నాను.

పనస చెట్టుకు ఇవతల గట్టు లేని నేలనుయ్యి ఉండేది. ఆమె తిన్నగా దాని వైపే నడిచింది. పక్కకు తిరుగుతుందిలే అనుకున్నాను. తిరగలేదు. ఆమె కాలి కింది మట్టిపెళ్ళ విరిగి నీళ్ళలో పడిన చప్పుడు వినిపించింది. "నానమ్మా, నుయ్యి!" అని అరిచి, పరుగెత్తి కొంగు పట్టి లాగాను. ఇద్దరం వెనక్కి పడ్డాం.

"నుయ్యి ఇటేపుందేటి?" అంది, నా తల మీదుగా ఎటో చూస్తూ. ఆమె ముఖం ముందు చెయ్యి ఊపాను. రెప్ప కదలలేదు. రోజూ నాకు అన్నం పెట్టి, నాతో మాట్లాడే మనిషికి నేను కనిపించడమే లేదు. ఆమె పెరటి వైపు రావడం మానేసి చాన్నాళ్ళయిందని అప్పుడు తట్టింది.

"పోయిన వానలకాలం కాడ్నించి మసకే. ఇప్పుడు ఎలుగు తప్ప ఏటీ అవుపడదు. మీ నాన్నకి సెప్పకే, మంచం దిగనివ్వడు" అంది.

పనస కాయలేదని ఏడుస్తూ చెప్పాను. ఆమె నా చెయ్యి తడిమి పట్టుకుంది.

"నీ కళ్ళతోనే కదే నాను సూత్తన్నాను. అవి కూడా అబద్దమాడితే ఇంకేటి సూడాల?"

కొట్టినా బాగుండేది.

దీపాల వేళ, కంటికి నచ్చిందేటని మళ్ళీ అడిగింది. "నువ్వు నూతిలో పడలేదు" అన్నాను. ఆమె నవ్వింది. నన్ను దగ్గరికి లాక్కుంది. నా జుట్టు తడిసింది.

వద్దన్నా మర్నాడు నాన్నకు చెప్పేశాను. టెక్కలి తీసుకెళ్ళి ఆపరేషన్ చేయిస్తే ఒక కంటికి కొంత చూపొచ్చింది. కట్టు విప్పిన రోజు నా ముఖం తడిమి తడిమి చూసి, "ఇంత ఎదిగిపోనావేటే!" అని నోరెళ్ళబెట్టింది.

ఇప్పుడు నాకూ వయసు మీద పడింది. మా వైపు చాలామందికి లాగే కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు పలాసలో డయాలసిస్. పక్క మంచం మీదావిడ మొదట్లో గోడకు తిరిగి పడుకునేది. ఆటోలో వస్తూ చూసిన మంచిదేదో ఒకటి ఆమెకు చెబుతుంటాను. ఇప్పుడు ఆవిడే ముందు అడుగుతోంది. ఏమీ కనిపించని రోజున ఏమీ కనిపించలేదనే చెబుతాను. కల్పించను. నా మాట నమ్మి ఒక మనిషి అడుగు వేస్తుందని నాకు తెలుసు.