పక్కింటి వాలిస్ గారి పుట్టుపూర్వోత్తరాలు

పోయిన మంగళవారం జీపీ సర్జరీలో, అంటే మా పేట డాక్టరు క్లినిక్కులో, బీపీ చూపించుకోవడానికి కూర్చుని ఉంటే రిసెప్షన్ అమ్మాయి "మిసెస్ వాలిస్" అని పిలిచింది. నా ఎదురు కుర్చీలోంచి పాతికేళ్ళ పిల్ల ఒకతె బిడ్డను చంకనేసుకుని లేచి లోపలికి వెళ్ళింది. ఆ పిల్లెవరో నాకు తెలియదు, నేనెవరో ఆ పిల్లకి తెలియదు. అయినా నా దవడ బిగుసుకుంది. కాసేపటికి నర్సు నా చేతికి పట్టీ చుట్టి, అంకె చూసి, దారిలో ఏమైనా కంగారు పడ్డారా అని అడిగింది. ఒక ఇంటిపేరు విన్నానని ఏ మొహం పెట్టుకుని చెప్పను? బస్సు వెంట పరిగెత్తానని చెప్పి బయటపడ్డాను.

ఇంగ్లండులోని స్విండన్‌లో మేం కొన్నది ఒకే గోడకి అటొకటి ఇటొకటి ఆనించి కట్టిన జంట ఇళ్ళలో ఎడమవైపుది. కుడివైపు ఇంట్లో ఒక పెద్దాయన ఒంటరిగా ఉండేవాడు. రైలింజన్ల కార్ఖానాలో పనిచేసినవాడు. తండ్రీ తాతా కూడా అక్కడివాళ్ళే. భార్య పోయి చాలా కాలమైంది. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చేసిన చొక్కాలో నిలబడి, రెండు ఇళ్ళకీ మధ్య ఉన్న కంచె మొక్కల్ని దారం కట్టి మరీ కత్తిరించేవాడు. ఆయన తలుపు మీద ఇత్తడి పలక, దాని మీద వాలిస్ అని నల్లటి అక్షరాలు. శనివారం శనివారం దాన్ని గుడ్డతో తోమేవాడు. మేం దిగిన వారానికి నేను ఒక పళ్ళెంలో ఎనిమిది సున్నుండలు పెట్టి పట్టుకెళ్ళాను. ఇందులో ఏముంది అని అడిగాడు. మినుములు, బెల్లం, నెయ్యి అని నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. మర్నాడు పొద్దున మా గుమ్మంలో ఆ పళ్ళెం శుభ్రంగా కడిగి పెట్టి ఉంది. పక్కనే కవర్లో ఎనిమిది సున్నుండలూ ఉన్నాయి. లెక్క తప్పలేదు. ఆ మనిషిలో నాకు నచ్చిన గుణం అదొక్కటే, ఏదీ దాచుకునేవాడు కాదు.

మా ఉత్తరాలు అప్పుడప్పుడు ఆయన ఇంట్లో పడేవి. వాటిని రెండు వేళ్ళతో కొస పట్టుకుని తెచ్చేవాడు. "ఇందులో మీ పేరు ఎక్కడ మొదలవుతుంది?" అనేవాడు. మాది పదమూడు ఇంగ్లీషు అక్షరాల ఇంటిపేరు. ఈ దేశంలో అడుగుపెట్టిన రోజు నుంచి అది నన్ను తిప్పలు పెడుతూనే ఉంది. ముందుండాల్సింది వెనక్కి పోయింది. ఫారంలో గళ్ళు సరిపోక చివరి రెండక్షరాలూ ఎప్పుడూ గాల్లో ఉంటాయి. నా మటుకు నేను ఎవరూ పిలవని పేరుతో డాక్టరు దగ్గరా బ్యాంకులోనూ చలామణీ అవుతున్నాను. మా ఇంటిపేరు అసలు ఒక ఊరి పేరు. ఆ ఊరు మా అత్తవారి వైపు ఒక్కరూ చూసి ఎరగరు. కృష్ణలో మునిగిపోయిందని మా మామగారు అనేవారు. ఆయన తమ్ముడు మాత్రం కాదు, పల్నాడు వైపు ఇంకా ఉంది, వెళ్ళాలంటే బస్సు లేదు అనేవాడు. ఆ అన్నదమ్ములిద్దరూ పోయేదాకా ఈ విషయం తేలలేదు. ఇవన్నీ పెద్దాయనతో చెప్పే చనువు నాకెక్కడిది? ఆయన మాత్రం నాకు ఒకటి చెప్పకుండా ఉత్తరం చేతికిచ్చేవాడు కాదు. "మేం ఇక్కడివాళ్ళం. ఆ చర్చి గోపురం లేవకముందు నుంచీ ఇక్కడే ఉన్నాం." చెప్పేటప్పుడు చూపు చర్చి మీద ఉండేది కాదు, నా మీద ఉండేది.

మూడో ఏడు మా పిన్ని కూతురు బ్రిస్టల్‌లో మాస్టర్స్ చదవడానికి వచ్చింది. రైల్లో ముప్పావు గంట ప్రయాణం కదా, బయట గది ఎందుకని మా మేడమీది చిన్న గదిలో ఉంచుకున్నాం. నా తోడబుట్టినవాళ్ళంతా మగపిల్లలు కావడం చేత దాన్ని చెల్లెలనే అనుకుంటాను. అది స్నానం చేస్తే పాట, జడ వేసుకుంటే పాట. పెరట్లో నిలబడి వాళ్ళమ్మతో ఫోన్లో మాట్లాడితే వీధి చివరికి వినపడేది. ఆదివారం స్నేహితురాళ్ళు నలుగురొచ్చి బిర్యానీ వండేవాళ్ళు. ఏడు నెలలు ఇల్లు ఇల్లులా ఉంది. తర్వాత కౌన్సిల్ నుంచి, అంటే ఇక్కడి మునిసిపాలిటీ నుంచి, ఉత్తరం వచ్చింది. మీరు అనుమతి లేకుండా ఇంటిని గదులు గదులుగా అద్దెకిస్తున్నారని ఫిర్యాదు అందింది, వచ్చి చూస్తాం అని.

ఎవరు రాశారో కనుక్కోవడానికి కష్టపడక్కర్లేకపోయింది. బట్టలు ఆరేస్తుంటే కంచె మీంచి తనే చెప్పాడు. "నేనే రాశాను. ఆ ఇంట్లో ఎంతమంది ఉంటున్నారో ఎవరో ఒకరు అడగాలి కదా."

"అది మా చెల్లెలండీ."

"మీ వాళ్ళందరూ అక్కచెల్లెళ్ళే," అని కత్తెర తీసుకుని వెళ్ళిపోయాడు.

కౌన్సిల్ నుంచి మర్యాదస్తురాలైన ఒకావిడ వచ్చి, మేడెక్కి, మంచాలు చూసి, టీ వద్దని వెళ్ళింది. మూడు వారాలకి, ఏ చర్యా అవసరం లేదని రెండో ఉత్తరం వచ్చింది. ఈ రెండు ఉత్తరాలకీ మధ్యనే చెల్లెలు బ్రిస్టల్‌లో గది చూసుకుని వెళ్ళిపోయింది. నలుగురు ఆడపిల్లలకి ఒక బాత్రూము, గోడల నిండా నల్లటి బూజు. ఆ చలికాలమంతా దానికి దగ్గు తగ్గలేదు. రెండో ఉత్తరం చూపించి రమ్మంటే రానంది. చదువయ్యాక స్లౌలో ఉద్యోగం దొరికింది, అక్కడే ఉండిపోయింది. రైలెక్కితే గంట లోపు వచ్చేయొచ్చు, రాలేదు. పెద్దాయన రాసిన ఆ ఒక్క కాగితం నా చెల్లెల్ని నాకు దూరం చేసిందని నేను మాంచెస్టర్‌లో ఉన్న మా అన్నయ్య దగ్గర్నుంచి గుంటూరులో పిన్ని దాకా అందరికీ చెప్పాను.

ఇంకో నాలుగేళ్ళకి నా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయింది. ఇంట్లో కూర్చోలేక లైబ్రరీలో వారానికి రెండు రోజులు వాలంటీరుగా చేరాను. నాకిచ్చింది వంశవృక్షాల బల్ల. ముసలివాళ్ళు వచ్చి మా తాత ఎవరు, ముత్తాత ఎవరు అని అడుగుతారు. పాత చర్చి రిజిస్టర్ల ఫొటోలు కంప్యూటర్లో తీసి, ఆ కోడిగీతలు చదివి పెట్టాలి. పదిహేనేళ్ళు ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికినదాన్ని, ఆ పని నాకు వెంటనే పట్టుబడింది. ఒక గురువారం తలెత్తి చూస్తే బల్లకి అవతల పెద్దాయన, చేతిలో గోధుమరంగు ఫైలు.

"మీరా," అన్నాడు.

"నేనే."

"ఇంకెవరూ లేరా?"

"గురువారాలు నేనే ఉంటాను. కూర్చోండి."

కూర్చున్నాడు. వాలిస్ వంశం చరిత్ర రాస్తున్నాడట, మనవళ్ళకి ఇవ్వడానికి. తాత దాకా తెలుసు, ఆ పైన కావాలి. రూల్సు ప్రకారం నేను సాయం చెయ్యాలి. చేశాను. ఇంత శ్రద్ధగా ఇంకెవరికీ చెయ్యలేదని ఒప్పుకుంటాను, ఎందుకంటే నేను వెతుకుతున్నది ఆయన పూర్వీకుల్ని కాదు, ఆ చర్చి గోపురం మాట అబద్ధమన్న రుజువుని.

అది నెల తిరక్కుండానే దొరికింది. ముత్తాత కార్ఖానా పెట్టాక కూలికి వచ్చినవాడు, పుట్టింది కొండల వైపు పల్లెలో. ఆయన తండ్రి ఇంకో పల్లెలో. ఆ పై తాత ఇంకో చోట, ఆ తాత తండ్రి మరో చోట. నాలుగు తరాలకి నాలుగు ఊళ్ళు. పని ఎక్కడుంటే అక్కడికి మూటా ముల్లే సర్దుకున్న మనుషులు. ఇక ఆ పేరు. ఇంటిపేర్ల నిఘంటువు తీసి చూస్తే, పాతకాలంలో వేల్స్ వైపు మనుషులకి ఇంగ్లీషువాళ్ళు తగిలించిన పేరని ఉంది. ఇంకా మొదలుకి వెళితే ఆ మాటకి అర్థం పరాయివాడు. నేను లైబ్రరీలో ఉన్నానని మర్చిపోయి గట్టిగా నవ్వాను.

అసలైనది ఆ తర్వాత దొరికింది. రెండు వందల ఏళ్ళు దాటిన ఒక అచ్చు ఫారం, ఆ ముత్తాత తాత పేరుతో ఖాళీల్లో సిరాతో పూరించినది. ఆ రోజుల్లో బీదవాడు ఏ ఊళ్ళో ఉండాలన్నా ఆ ఊరి హక్కు ఉండాలి. ఆ హక్కుని సెటిల్‌మెంట్ అనేవాళ్ళు. ఈ దేశంలో శాశ్వతంగా ఉండనివ్వమని మనం హోమ్ ఆఫీసుకి అప్లికేషన్ పెట్టుకునే మాటే, అక్షరం తేడా లేదు. వాలిస్ అనే నేతపనివాడు, భార్య, ముగ్గురు పిల్లలు సెటిల్‌మెంట్ లేకుండా ఫలానా ఊళ్ళో ఉంటున్నారని, ఊరికి భారమయ్యేలా ఉన్నారని ఫిర్యాదు వచ్చినందున, వాళ్ళని తీసుకెళ్ళి వాళ్ళ ఊరి పొలిమేరలో అప్పగించవలసిందని ఇద్దరు మేజిస్ట్రేట్లు సంతకం పెట్టిన ఉత్తర్వు.

దాన్ని ప్రింటు తీసి ఆయన చేతికిచ్చి ఊరుకోవచ్చు. నేను ఊరుకోలేదు. నెలకొక శనివారం మధ్యాహ్నం వంశవృక్షాల వాళ్ళు లైబ్రరీలో కలుస్తారు. టీ, బిస్కెట్లు, పదిహేను మంది పెద్దలు. ఆ నెల ఒక వాలంటీరు తను కనిపెట్టిన విషయం చెప్పాలి. నేను చెబుతానన్నాను. ఆయన ముందు వరసలో ఇస్త్రీ చొక్కాతో కూర్చున్నాడు. జమీందార్లు దొరికారనుకున్నాడేమో. నేను పేరుకి అర్థం చెప్పాను, నాలుగు ఊళ్ళూ చెప్పాను, చివర ఉత్తర్వు నిదానంగా చదివాను. ఫిర్యాదు అన్న మాట దగ్గర ఆగి, ఆయన వైపు చూసి, మళ్ళీ చదివాను. ఆయన చేతిలో బిస్కెట్టు విరిగి ప్యాంటు మీద పడింది. లేచి వచ్చి నా చేతిలో కాగితం తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, కోటు లోపలి జేబులో పెట్టుకుని వెళ్ళాడు. ఆ రోజు ఇంటికెళ్ళి నేను తృప్తిగా అన్నం తిన్నాను.

మర్నాడు కంచె దగ్గర నా కోసమే నిలబడి ఉన్నాడు.

"మీరు నిఘంటువు సగమే చదివారు," అన్నాడు. "పరాయివాడని పేరు పెట్టిందెవరు? తర్వాత సముద్రం దాటి వచ్చిన ఇంగ్లీషువాళ్ళు. అంతకుముందు నుంచీ ఇక్కడున్నవాణ్ణి పట్టుకుని నువ్వు పరాయివాడివన్నారు. అంటే మొదట ఉన్నది మేమే. గోపురానికి ఇంకా ముందు." కత్తెర నా వైపు తిప్పి, "మీలాంటివాళ్ళు వచ్చి మాకు పెట్టిన పేరది," అన్నాడు.

అదే ముక్క మా వాళ్ళెవరైనా అని ఉంటే మెచ్చుకునేదాన్ని.

ఆ కోపంతో లోపలికొచ్చి చెల్లెలికి ఫోన్ చేశాను. ముందు రోజు సంగతంతా చెప్పాను, బిస్కెట్టుతో సహా. నీ పగ తీర్చానే అన్నాను. అటు నుంచి నవ్వు వస్తుందని చూశాను.

"ఆ కాగితంలో వాళ్ళని తీసుకెళ్ళి దింపింది ఎవరక్కా?" అంది.

"ఎవరో ఊరి పెద్దలు."

"ఫిర్యాదు రాసిన వాళ్ళేనా?"

"అది రాసి లేదు. ఎందుకే?"

"ఏం లేదు. ఆ ముసలాయన ఉత్తరం రాశాడు, నిజమే. నన్ను వెళ్ళమని ఆయన అనలా. సూట్‌కేస్ డిక్కీలో పెట్టి, బ్రిస్టల్‌లో ఆ ఇంటి ముందు దింపి, వానలో వెనక్కి తిరిగి పోయింది నువ్వు. లోపలికి కూడా రాలా."

అప్పుడు మా సెటిల్‌మెంట్ అప్లికేషన్ పెట్టి ఉంది. కౌన్సిల్ ఉత్తరం చూసి మా ఆయన రెండు రోజులు అన్నం మానేశాడు. ఎందుకైనా మంచిది, కొన్నాళ్ళు బయట ఉండవే అని నేనే అన్నాను. గది కూడా నేనే ఇంటర్నెట్‌లో చూశాను. ఫొటోలో బూజు కనపడలేదు. ఇవన్నీ దానికి చెప్పాను. "తెలుసక్కా," అని, వంటయ్యింది, ఫోన్ పెట్టేస్తానంది.

పెద్దాయన రెండేళ్ళ తర్వాత ఇల్లమ్మేసి సముద్రం ఒడ్డున ఎక్కడో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళాడు. ఇత్తడి పలక ఊడదీసుకుని పోయాడు. లారీ ఎక్కుతూ మా ఇంటి వైపు చూశాడు, నేను కిటికీ తెర వెనకే ఉన్నాను, ఇద్దరం చెయ్యెత్తలేదు. నాకాయన మీద కోపం పోలేదు, పోవాలని ప్రయత్నించనూ లేదు. చెల్లెలు ఉగాదికి మెసేజ్ పెడుతుంది. అందులో అక్కా అని ఉంటుంది, కింద దాని పేరు ఉంటుంది, మధ్యలో బొమ్మ ఉంటుంది. నేను తిరిగి రాస్తే చదివినట్టు రెండు నీలం గీతలు పడతాయి.

రెండు వందల ఏళ్ళ కిందట ఎవరు ఎవర్ని ఊరి పొలిమేరలో దింపారో కోడిగీతల్లోంచి ఒక్క మధ్యాహ్నంలో చదివేశాను. మా ఇంట్లో మొన్న మొన్న జరిగినది చదవడానికి మాత్రం ఏళ్ళు గడిచిపోతున్నాయి, ఇంకా సగంలోనే ఉన్నాను.