చింతపండు ముందు ప్రార్థన

తొంభైల్లో ఒక వేసవి, మదనపల్లెలో చర్చి పిల్లల క్యాంపులో కన్నీళ్లతో ప్రార్థన చేసి పుంగనూరుకు తిరిగొచ్చాను. ఇంట్లోనే చదువుకునే నాకు ఇక్కడ కలిసి పాడే పిల్లలు లేరు. వారం తిరగకముందే, మోకరిస్తే కన్నీళ్లూ రాలేదు, మాటలూ రాలేదు. విశ్వాసం పోయిందేమోనని భయపడి, తన ఇంటి వాకిట్లో చింతపండు గింజలు తీస్తున్న మా చర్చి పాస్టరమ్మకు చెప్పాను.

"ఏడుపు రాలేదనా దిగులు? దేవుడేమన్నా మదనపల్లెలోనే నిల్చిపోయినాడా, నీతో బస్సెక్కలేదా? కూర్చోమ్మా. గింజలు తీస్తా ఆయనకు ఒక మాట చెప్పు."

"ఏం చెప్పేది?"

"చేతులు జిగటగా ఉండాయని చెప్పు."

నవ్వుతూనే చెప్పాను. ఆ వెనకే, అమ్మకు ఒంట్లో బాగాలేదనీ చెప్పుకున్నాను. ఆ వేసవంతా శనివారం శనివారం ఆమె నన్నక్కడ కూర్చోబెట్టుకుంది. ఇప్పటికీ చింతపండు నానబెట్టేటప్పుడు, ఆమె కోసం దేవునికి స్తోత్రం చెప్పుకుంటాను.