ఐదు నిమిషాల దీవెన

కోవిడ్ మాస్కులు తీసేసిన మరుసటి ఏడాది చలికాలం. లూసియానాలో, సముద్రానికి దగ్గరగా, కదిలీ కదలని నీళ్లున్న ఒక కాలవ ఒడ్డున మా షిప్‌యార్డ్. అక్కడ నేను లాంచ్ ఇంజనీర్‌ని. అంటే కట్టిన ఓడను నీళ్లలోకి దించడం నా పని. విశాఖలో చదువుకుని ఈ దేశం వచ్చి అప్పటికి పదిహేనేళ్లు. ఈ ఉద్యోగానికి ఓర్పు కావాలంటారు. నాకు ఓర్పు తక్కువ, గడియారం మీద నమ్మకం ఎక్కువ.

ఆ ఏడాది కట్టింది యుద్ధనౌక కాదు, నేవీకి అండగా ఉండే ఓడ. సముద్రం మధ్యలో చెడిపోయిన ఓడలకు తాడు కట్టి లాక్కురావడం, ఆపదలో ఉన్నవాళ్లను కాపాడటం దాని పని. అమెరికా ఆదివాసుల్లో ఒక తెగ అయిన నవాహో ప్రజల గౌరవార్థం దానికి వాళ్ల పేరే పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో నవాహో సైనికులు తమ భాషలో రహస్య సందేశాలు పంపితే శత్రువుకు ఒక్క ముక్క అర్థం కాలేదన్న సంగతి మీలో చాలామంది వినే ఉంటారు. ఆ సైనికుల్లో ఒకాయన కూతురు లోరెయిన్ ఓడను దీవించడానికి అరిజోనా నుంచి వచ్చారు. ఎనభైకి దగ్గరపడిన మనిషి, చేతికర్ర సాయంతో నడుస్తారు.

మా యార్డ్‌లో చేసేది సైడ్ లాంచ్. గ్రీజు పూసిన దుంగల మీద నుంచి ఓడ అడ్డంగా, పక్కకి జారి నీళ్లలో పడుతుంది. పడగానే ఒక పక్కకి బాగా ఒరుగుతుంది. ఆ క్షణంలో అడుగున సరిపడా లోతు లేకపోతే బురదలో గుద్దుకుని పొట్ట పగులుతుంది. అందుకే ఒడ్డున ఒక కొలబద్ద పాతి, దాని మీద ఎర్రగీత గీశాం. నీళ్లు ఆ గీత కిందికి దిగితే లాంచ్ లేదు. అది నేను గీసిన గీతే.

ఆ రోజు పొద్దున్నే ఉత్తరపు గాలి మొదలైంది. మా వైపు ఉత్తరపు గాలి వీస్తే కాలవలో నీళ్లన్నీ సముద్రంలోకి తోసుకుపోతాయి. కొలబద్ద దగ్గర శ్రీధర్‌ని నిలబెట్టాను. వరంగల్ మనిషి, టెస్ట్ ఇంజనీరు, అనవసరంగా ఒక్క మాట మాట్లాడడు.

"మేడమ్, గీత మీద తొమ్మిది ఇంచులున్నయ్," అన్నాడు రేడియోలో. "కానీ దిగుతున్నయ్."

నా లెక్క సులువుగానే ఉంది. దీవెనకి ఐదు నిమిషాలు. ఆ తర్వాత ఓడను నిలబెట్టిన షోర్లు, అంటే ఊతకర్రలు, ఒక్కొక్కటే కొట్టి తీయడానికి నలభై నిమిషాలు. అవి తీయడం మొదలైతే ఓడకీ నీళ్లకీ మధ్య పురుగు కూడా ఉండకూడదు. ప్లాన్‌లో 'దీవెన, ఐదు నిమిషాలు' అని రాసింది నేనే. ఆవిడ ఏం చేస్తారో మాత్రం ఎవర్నీ అడగలేదు.

లోరెయిన్ వేదిక ఎక్కలేదు. ఓడ ముక్కు దగ్గర నిలబడి, చిన్న తోలు సంచిలోంచి మొక్కజొన్న పుప్పొడి చిటికెడు తీసి చల్లి, మెల్లగా ఏదో అనుకుంటూ ఓడ పక్కనే నడక మొదలుపెట్టారు. రెండడుగులేసి ఆగుతారు, చల్లుతారు, మళ్లీ నడుస్తారు. పది నిమిషాలకి ఓడ వెనక మూలకి చేరి, నీళ్ల వైపు తిరగబోయారు.

నేను పరుగెత్తాను. "మేడమ్, అటు వెళ్లకూడదు. వచ్చిన దారినే వెనక్కి వెళ్దాం రండి," అన్నాను ఇంగ్లిష్‌లో, నా గొంతు నాకే కటువుగా వినిపించేలా.

ఆవిడ కోప్పడలేదు. "సూర్యుడు తిరిగినట్టే తిరగాలమ్మా. వెనక్కి నడిస్తే చేసిందంతా విప్పేసినట్టు."

నిలబడిపోయాను. పందొమ్మిదేళ్లప్పుడు మా అమ్మతో సింహాచలం గిరిప్రదక్షిణ చేశాను. వానలో, హనుమంతవాక దాటాక కాలు మడతపడింది. ఆటో ఎక్కి వెనక్కి వెళ్లిపొమ్మన్న ఒక పెద్దాయన్ని నేను చూసిన చూపు నాకింకా గుర్తే. అలాంటిదాన్ని, ఇవాళ ఈ ముసలావిణ్ణి సగం ప్రదక్షిణలో వెనక్కి తిరగమంటున్నాను. సిగ్గేసింది.

"మేడమ్, ఏడు ఇంచులు," అన్నాడు శ్రీధర్.

వెంటనే ప్రాజెక్ట్ మేనేజర్ గొంతు రేడియోలో అందుకుంది. "అక్కడ ఏమవుతోంది? ఆవిణ్ణి తీసుకొచ్చెయ్. షోర్లు మొదలుపెట్టాలి."

షోర్లన్నీ ఇంకా ఉన్నాయి కాబట్టి ఓడ కదలదు, ఆవిడకి ప్రమాదం లేదు. ప్రమాదమల్లా లాంచ్‌కే. పెద్ద పెద్దవాళ్లు వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు, ఏడాది నుంచి మావాళ్లు ఈ రోజు కోసం ఎదురుచూస్తున్నారు. చేయి పట్టుకుని పక్కకి తీసుకొచ్చేస్తే నా లెక్క ఎలాగోలా సరిపోవచ్చు. ఆవిడ నా మొహం చూస్తున్నారు, బతిమాలడం లేదు.

"షోర్లు ఎవరూ ముట్టుకోకండి," అన్నాను రేడియోలో. "నేను ఆవిడతో చుట్టూ వెళ్తున్నాను."

మేనేజర్ అన్న మాట ఇక్కడ రాయను.

ఓడ నీడలో, నీళ్ల అంచున పలకల మీద ఇద్దరం నడిచాం. పక్కనే తడి గోడ మీద నీళ్లు దిగిన చార కనిపిస్తోంది.

"ఈ ఓడ ఏం చేస్తుంది?" అని అడిగారావిడ.

"దారిలో ఆగిపోయిన ఓడలకి తాడు కట్టి ఇంటికి తెస్తుంది."

"మా నాన్న యుద్ధానికి వెళ్లే ముందు వాళ్లమ్మ ఇలాగే పుప్పొడి పెట్టి ప్రార్థన చేసిందట. తిరిగొచ్చాడు. వెళ్లినవాళ్లందరూ రాలేదు." ఇంకో చిటికెడు చల్లి అన్నారు, "ఇంటికి తెచ్చేది ముందు తను ఇంటికి రావాలి కదా."

మేం ముక్కు దగ్గరికి చేరేసరికి నాలుగు ఇంచులు మిగిలాయి. ఆవిడ బయటికి రాగానే షోర్లు మొదలుపెట్టించాను. మావాళ్లు ఊపిరి తీసుకోకుండా కొట్టారు. మూడు ఇంచులు. రెండు. సగం షోర్లు కూడా ఊడకముందే శ్రీధర్ గొంతు మారింది.

"మేడమ్, నీళ్లు గీత దాకా దిగినయ్. ఇంకేం లేదు."

మేనేజర్ నా పక్కకొచ్చి నిలబడ్డాడు. "ఒక్క ఇంచు అటూ ఇటూ అయితే ఏమవుతుంది?"

"పొట్ట పగిలితే ఏమవుతుందో మీకూ తెలుసు. లాంచ్ లేదు. షోర్లు తిరిగి పెట్టండి," అన్నాను. "తప్పు ఆవిడది కాదు, నా ప్లాన్‌ది. అలాగే రాసుకోండి."

రాసుకున్నాడు. వచ్చినవాళ్లు కోట్లు బిగించుకుని కార్లెక్కారు. రెస్ట్‌రూమ్‌లోకి వెళ్లి తలుపేసుకుని ఏడ్చాను. చేసింది తప్పని కాదు. ఒక్క ప్రశ్న ముందే అడిగి ఉంటే ఆవిణ్ణి తెల్లారగానే తిప్పి తీసుకొచ్చేదాన్ని కదా అని.

మూడో రోజు దక్షిణపు గాలి తిరిగి నీళ్లు తెచ్చింది. జనం లేరు. మావాళ్లూ, నేనూ, మడతకుర్చీలో లోరెయిన్. ఆవిడ ఊరికి వెళ్లకుండా మోటెల్‌లో ఉండిపోయారు. దగ్గరికెళ్లి అడిగాను, "మేడమ్, మళ్లీ నడవాలా? ఎంతసేపైనా ఆగుతాం."

"ఎందుకు? నా పని నేను పూర్తి చేశాను," అన్నారు. "నీళ్ల పని నీది."

లాంచ్‌కి ముందు ఓడ పేరు పైకి చదవాల్సిన పెద్దమనిషి రాలేదు కాబట్టి ఆవిణ్ణే చదవమన్నాం. ఒకసారి ఇంగ్లిష్‌లో, ఒకసారి వాళ్ల నాన్న యుద్ధంలో మాట్లాడిన భాషలో చెప్పారు. షోర్లన్నీ తీశాక శ్రీధర్ "పదకొండు ఇంచులు" అన్నాడు. వదలమని నేను చెయ్యి దించాను. ఓడ కదిలింది, జారింది, నీళ్లలో పడి ఇక లేవదేమో అన్నంతగా ఒరిగింది. ఆ తర్వాత మెల్లగా లేచి నిటారుగా నిలబడింది.

ఆ తర్వాత చాలా ఓడలు దించాను. ఎర్రగీత ఇప్పటికీ ఒక్క ఇంచు కూడా జరపను. ఓడను దీవించడానికి ఎవరొచ్చినా మాత్రం ముందురోజే వెళ్లి, కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి, మీరేం చేస్తారు, ఎంతసేపు పడుతుంది అని అడుగుతాను. వాళ్లు చెప్పాకే ప్లాన్‌లో దీవెన గడి నింపుతాను.