మా చెల్లె ఎత్తుపళ్లు

మునిమనవరాలి పళ్ల అచ్చు బల్ల మీద ఉంది. పళ్ల డాక్టరు తెల్లటి సుద్దలాంటి దానితో పోసి ఇచ్చాడు. ముందరి రెండు పళ్లు ముందుకు ఒరిగి ఉన్నాయి, తీగ వేసి రెండేళ్లలో మెల్లగా లోపలికి జరుపుతాడట. ఇంట్లో అందరూ దాన్ని చేతుల్లోకి తీసుకుని ముచ్చటపడుతున్నారు. నాకు మాత్రం చూసినప్పుడల్లా మా చెల్లె రాజవ్వ గుర్తొస్తుంది.

నిజాం కాలంలో సిద్దిపేటలో మాది మగ్గాల వాడ. చలికాలం తెల్లవారితే చాలు, మగవాళ్లు వీధి పొడుగునా గుంజలు పాతి, పడుగు నూలు సాగదీసి గంజి పట్టించేవారు. ఆ పులిసిన గంజి వాసన, బొగ్గుపొడితో పళ్లు తోముకునే పిల్లల నల్లటి మూతులు, రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతూనే మమ్మల్ని తిట్టే, మేము అవ్వ అని పిలిచే అమ్మ గొంతు, ఇవన్నీ కలిస్తేనే మాకు తెల్లారినట్టు. పోగు సడలి పక్కకు జరిగితే బాపు ముడివేసి, లాగి బిగించేవాడు, అది దారికొచ్చేది. బిగించి లాగితే దారికి రానిది లోకంలో లేదని నేను నమ్మింది అక్కడే.

రాజవ్వకు ఏడేళ్లు, నాకు పది. ఊడిన పాలపళ్లను పేడలో పెట్టి ఇంటి పెంకుల మీదికి విసిరినా, ఖాళీలో నాలుక పెట్టొద్దని అవ్వ ఎంత మొత్తుకున్నా, కొత్త పళ్లు ముందుకు వాలే వచ్చాయి. ఆ పిల్ల నవ్వితే ముందు పళ్లు వచ్చేవి, వెనక నవ్వు వచ్చేది. పైపెదవి వాటి మీద నిలవక పైకి జరిగిపోయేది, కళ్లు మూసుకుపోయేవి, చూసినవాళ్లకు ఎందుకో తెలియకుండానే నవ్వొచ్చేది. అందమంటే అదేనని అప్పుడు నాకు చెప్పినవాళ్లు లేరు. "గీ పండ్లతోని గిదెట్ల బతుకుతదో" అని మేనత్త వచ్చినప్పుడల్లా అనేది. అవ్వ పొద్దున్నే ఆ రెండు పళ్లనూ వంద లెక్కపెట్టేదాకా బొటనవేలితో లోపలికి నొక్కేది. అవి కదిలేవి కావు.

బతుకమ్మ వచ్చింది. తంగేడు, గునుగు కోసుకొస్తుంటే వాడకట్టు పిల్లలు దాన్ని "పారపండ్లు, పారపండ్లు" అని ఏడిపించారు. అది నవ్వి ఊరుకుంది, రోషం నాకొచ్చింది. పండగ ఆఖరి రోజు, సద్దుల నాటికల్లా దాని పళ్లు చక్కజేయాలనుకున్నాను. అవ్వ నువ్వులు దంచుతున్న సందు చూసి, పెరట్లో కూర్చోబెట్టి, గంజి పట్టిన పడుగు దారం ముందరి పళ్లకు చుట్టి, రెండు పక్కలా దవడ పళ్లకు లాగి బిగించాను.

"నొస్తుందక్కా" అంది.

"నాలుగొద్దులు ఓర్సుకోయే. సక్కగైతవ్" అన్నాను.

ఓర్చుకుంది. పండగ పనుల్లో పడి అవ్వ పొద్దున పళ్లు నొక్కడం మరిచింది, ఇది దారం కనబడకుండా నోరు మూసుకుని తిరిగింది, మెతుకు నమల్లేక గంజి తాగింది. నాలుగో రోజుకు దారం చిగుళ్లలోకి దిగిపోయి మొహం వాచింది. అవ్వ కత్తెరతో తీసి, తుమ్మచెక్క కాచిన నీళ్లు పుక్కిలించమంది. అయినా ఒక పన్ను ఊడిపోయింది, రెండోది నల్లబడి ఆ ఖాళీలోకి అడ్డంగా ఒరిగింది. "ఎవలు కట్టిన్రే?" అని బాపు గద్దిస్తే, "నేనే కట్టుకున్న బాపూ" అంది. నేను పక్కనే ఉన్నాను.

ఆ తర్వాత అది నోరారా నవ్వలేదు. నవ్వొస్తే అరచెయ్యి అడ్డం పెట్టుకునేది. కొన్నాళ్లకు ఆ అవసరమూ లేకపోయింది. పెళ్లయింది, పిల్లలు పుట్టారు, పెద్దతనంలో కట్టుడు పళ్లు కూడా పెట్టించారు, పెదవులు మాత్రం విడలేదు. నన్ను ఏనాడూ తప్పుపట్టలేదు. పట్టినా బాగుండేది.

ఇప్పుడు ఆ వాడలో మగ్గం చప్పుడు లేదు, వీధిలో పడుగు పరిచే జాగా లేదు, అవ్వా బాపూ ఎప్పుడో పోయారు. కిందటేడు రాజవ్వా పోయింది. ఆ నవ్వుకు ఫోటో లేదు, దాన్ని చూసినవాళ్లలో మిగిలింది నేనొక్కదాన్నే. దినాల నాడు దాని కొడుకు నా పక్కన కూర్చుని, "మా అమ్మకు సిన్నప్పటి సంది నవ్వుడే రాదట గదా పెద్దమ్మా?" అని అడిగాడు.

"అవు బిడ్డా" అన్నాను.