కాలువ మీది అడుగు

పత్రికలో పని మానేశాక నాకు వచ్చిన పనుల్లో ఇంతకంటే విచిత్రమైనది లేదు. బెంగళూరులో టీవీ సీరియళ్ళకు సెట్లు వేసే ఒక అమ్మాయి ఫోన్ చేసి, పాతకాలపు చిల్లర అంగడి ఒకటి చూసి ఫోటోలు, కొలతలు పంపమంది. "అచ్చం అలాంటిదే వేస్తాం సార్, జాడీ మూతతో సహా" అంది. కొలతలు సెట్‌ కోసమేనా అని అడిగాను. నవ్వింది. నవ్వినంత మాత్రాన నమ్మే అలవాటు నాకు లేదు. అయినా మా ఊరు తమకలో బస్సెక్కి, ఆటో మారి, మూతపడ్డ బంగారు గని పక్కనున్న ఆండర్సన్‌పేట వెళ్ళాను.

నాకు నచ్చిన అంగడి ఒక ముసలావిడది. భర్త గనిలో పనిచేసి పోయాడు. లోపలి గోడ నుంచి వీధి దాకా వరసగా ఆరు బస్తాలు, అందరికీ కనబడేలా అన్నిటికంటే ముందు రాగులు. పైన మురుకుల జాడీలు, కమ్మీకి వేలాడే షాంపూ ప్యాకెట్లు. ఫోటోలు తీస్తున్నంతసేపూ ఆమె పప్పు తూస్తూనే ఉంది. జేబులోంచి టేపు తీయగానే, ఆ చేయి ఆగిపోయింది.

"యాడనుంచి వచ్చినావప్పా? మున్సిపాలిటీనా?"

"కాదమ్మా. టీవీవాళ్ళు ఇలాంటి అంగడి ఒకటి కడతారంట."

"టీవీలో అంగడి కట్టి ఎవురికి అమ్ముతారు?"

ఎదురుగా కుట్టుమిషను తొక్కుతున్న టైలరు అక్కణ్ణుంచే అందుకున్నాడు. "నమ్మొద్దక్కా. మా తాత ఇల్లు కొలిచినోడు గూడా కాఫీ తాగి నవ్వతానే పోయినాడు. వారానికి ఖాళీ చేయమని నోటీసు వచ్చె."

ఆ మాట కొట్టిపారేయలేకపోయాను. ఈ పేటలో చాలామందికి కాళ్ళ కింది నేలకు కాగితం లేదు. గని నడిచినన్నాళ్ళూ ఎవరూ అడగలేదు. మూతపడ్డాక టేపు పట్టుకొని ఎవరొచ్చినా వీధి వీధంతా తలుపుల దగ్గరికి వచ్చి చూస్తుంది. అలాంటి వార్తలు నేనే రాశాను. అయినా నా టేపు వేరనుకున్నాను.

కాసేపటికి ఆమే లేచి వచ్చింది. "ఆ కొస ఇట్లియ్యి, నేను పట్టుకుంటా. నీకు వంగేకి అయ్యేట్టు లేదు."

నమ్మిందని సంతోషించాను. ఆమె వీధి వైపు కూర్చుని కొస పట్టుకుంది. బస్తాల చాటున ఆమె చేయి నాకు కనబడలేదు. నేను లోపలి గోడ దగ్గర అంకె చదివి కాగితం మీద రాసుకున్నాను. ఎనిమిది అడుగులు.

పది రోజులకు ఆ అమ్మాయి మళ్ళీ ఫోన్ చేసింది. "ఫోటోలో ఆరు బస్తాలున్నాయి సార్. మీ కొలతతో సెట్ వేస్తే ఐదే పడుతున్నాయి. దేన్ని నమ్మమంటారు?"

నేను రాసిన అంకెను ఎవరైనా అనుమానిస్తే నాకు అన్నం సహించదు. మర్నాడే వెళ్ళాను. ఈసారి టేపు తీయకుండా, బేరానికి వచ్చినట్టు నిలబడి బస్తాల పక్కన జానలు వేశాను. తొమ్మిది అడుగులు తేలింది.

"ఏందప్పా, జానలేస్తా ఉండావు?"

"ఆ రోజు టేపు కొస ఎక్కడ పట్టుకున్నావమ్మా?"

ఆమె వీధి అటూ ఇటూ చూసింది. తర్వాత రాగుల బస్తా కింది చెక్క చూపించింది. అది మురుగు కాలువ మీదికి అడుగు మేర వచ్చి ఉంది. "ఆ అడుగు నాది కాదు, కాలవది. దాన్ని ఇడిచిపెట్టి పట్టుకున్నా. అది కాగితంలోకి ఎక్కిందంటే ఆ అడుగుతో ఆగుతారా? అంగడంతా పీకుతారు."

ఆమె ఎదుటే సెట్ల అమ్మాయికి ఫోన్ చేశాను. "అంగడి ఎనిమిది అడుగులే. మీ సెట్ మాత్రం తొమ్మిది వేసుకోండి."

ఫోన్ జేబులో పెట్టానో లేదో, "ఆ తొమ్మిది వాళ్ళకెందుకు చెప్పినావు?" అంది ముసలావిడ.

"సెట్ కోసమమ్మా."

"మొదట్నించీ అదే కదా చెప్తా ఉండావు."

కొలతల కాగితం ఆమెకే ఇచ్చేశాను. అటూ ఇటూ తిప్పి చూసి, మడిచి కొంగున కట్టుకుంది. "ఇంగోటి రాసుకోలేదని ఏం గ్యారంటీ?" అన్నాడు టైలరు.

నెల తర్వాత అటు పని పడి వెళితే కాలువ మీద చెక్క లేదు. కోసిన అంచు ఇంకా తెల్లగా ఉంది. లోపల ఐదు బస్తాలే ఉన్నాయి.

"ఎవరైనా వచ్చారా అమ్మా?" అన్నాను.

"ఎవురూ రాలేదు. వచ్చే లోపల నేనే కోయించేసినా. ఇంగ ఎవురొచ్చి కొల్చుకున్నా ఎనిమిదే."

ఇంతలో ఒకామె చేతిసంచితో వచ్చి రాగులు రెండు కిలోలు అడిగింది.

"రాగులు పెట్టేది లేదమ్మా ఇప్పుడు. పక్క వీధిలో చూడు."