కుడికాలి కొలత

మూడేళ్ల కిందట, ఆగస్టులో ఒక శుక్రవారం మధ్యాహ్నం. హిందూపురంలోని మా స్పోర్ట్స్ షాపులో ఈగలు తోలుకుంటూ కూర్చున్నాను. మా ఆయన పోయాక షాపు నేనొక్కదాన్నే చూస్తున్నాను. వచ్చేవాళ్లలో సగం మంది ఇప్పటికీ నన్ను దాటి లోపలికి తొంగిచూసి "సార్ లేరా?" అంటారు. బ్యాటు బరువు మగవాళ్లకే తెలుస్తుందని వాళ్ల నమ్మకం.

ఆ రోజు వచ్చిన అమ్మాయి అలా అడగలేదు. పేరు గంగరత్న. రొళ్ల దగ్గర పల్లె, ఇంటర్ రెండో ఏడాది. చేతిలో సంచి తప్ప వెంట ఎవరూ లేరు.

"హైజంప్ స్పైక్స్ ఉండాయా అక్కా?"

స్పైక్స్ అంటే అడుగున ఇనుప పిన్నులుండే బూట్లు. పరుగు పందెం బూట్లకు ముందు భాగంలోనే పిన్నులుంటాయి. హైజంప్‌లో పైకి లేచే ముందు మడమ నేలను గట్టిగా తాకుతుంది కాబట్టి మడమ కింద కూడా ఉండాలి. ఈ తేడా తెలియక చాలామంది పరుగు బూట్లే కొనుక్కుపోతారు. తెలిసి అడిగిన పిల్లను చూస్తే ముచ్చటేసింది. ఎప్పుడో తెప్పించిన ఒక్క జత అటక మీద ఉంటే దింపాను.

"మీ ఊర్లో ఎంతమంది ఎగురుతారు?"

"నేనొక్కదాన్నే అక్కా. చేన్లో మెత్తగా శెనక్కాయ కట్టె పరుచుకోని తాడు కట్టుకుంటా. తాడు ఎత్తేదీ నేనే, ఎగిరేదీ నేనే. ఎల్లుండి ధర్మవరంలో సెలెక్షన్స్ ఉండాయి. స్పోర్ట్స్ హాస్టల్లో సీటొస్తే ఆడ నాతోపాటు ఎగిరేవాళ్లుంటారు. వచ్చే ఏడాదికి నాకు వయసు దాటిపోతాది."

కొత్త చెప్పులైనా బూట్లైనా నేను కుడికాలికే ముందు తొడుగుతాను. కుడికాలు ముందు పెట్టమని చిన్నప్పటి నుంచి విన్నదే. అలాగే కుడి బూటు తొడిగి, లేసు బిగించి, మడమ వెనక వేలు పెట్టి చూశాను. అతికినట్టు సరిపోయింది. ఎడమది తీయబోతుంటే బస్సు వేళైందని లేచింది. రెండోదీ అంతేలే అనుకుని డబ్బా కట్టేశాను.

ఆదివారం సాయంత్రం, ధర్మవరం నుంచి తిరిగొస్తూ మళ్లీ వచ్చింది. ముఖం చూస్తే అడగబుద్ధి కాలేదు. అయినా అడిగాను.

"మూడుసార్లూ కర్ర పడిపోయింది అక్కా. ఎడమ బూట్లో మడమ కదులుతాండాది. నేను లేచేది ఆ కాలితోనే."

తొడిగించి చూస్తే మడమ వెనక నా బొటనవేలు సులువుగా దూరింది. ఆమె ఎడమ పాదం కొంచెం చిన్నది. రెండు పాదాలూ ఒకే కొలతలో ఉండవని ఇన్నేళ్లుగా బూట్లు అమ్మేదాన్ని, నాకు తెలియదా? మడమ దగ్గర మెత్తటి ప్యాడ్ ఒకటి అతికించాను. ఐదు నిమిషాల పని.

"ఆడ ఎవరితోనన్నా చెప్పింటే ఇంకో సాక్స్ వేసుకోమనేవాళ్లు కదమ్మా."

"అందరి పక్కనా వాళ్ల వాళ్లుండారు. నేనెవరికి చెప్పల్ల అక్కా?"

ఎవరికి చెప్పాలో తెలియని సాయంత్రాలు మా ఆయన పోయాక నాకూ చాలా గడిచాయి. ఆమె లేచి, గచ్చు మీద పిన్నులు టకటకలాడుతుండగా రెండడుగులు నడిచింది. "ఇప్పుడు సరిపోయింది అక్కా" అంది. తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది. బస్సు వేళ వరకు ఇద్దరం స్టూళ్ల మీద ఊరికే కూర్చున్నాం.

గంగరత్నకు ఆ సీటు రాలేదు. మళ్లీ మా షాపుకూ రాలేదు. ఫోన్ నంబరైనా అడగలేదని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

ఇప్పుడు హైజంప్ అని ఎవరొచ్చినా ముందు ఏ కాలితో లేస్తారో అడుగుతాను. ఆ కాలికే మొదట తొడుగుతాను, శాస్త్రం ఏమన్నా సరే. తర్వాత ఇంకో మాట అడుగుతాను. "పోటీకి నీ వెంట ఎవరు వస్తాండారు?"

ఎవరూ లేరంటే పోటీ రోజు షాపు మూసేస్తాను. సంచిలో ప్యాడ్లు, రెండు జతల సాక్స్ పెట్టుకుని పెనుకొండకైనా ధర్మవరానికైనా నేనే వెళ్తాను.