చేప ముక్కుకు అప్పజెప్పిన కుంట

మేడ్చల్‌లో మా కాలనీ పక్కనున్న కుంట మళ్లీ నురగ కక్కుతోందని, ఈ రోజు పొద్దున అందరం కలిసి వార్డు నాయకుణ్ణి పిలిపించాం. ఆయన ముక్కుకు దస్తీ అడ్డం పెట్టుకునే కారు దిగాడు. నేను కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాను కాబట్టి, వివరించమని నన్ను ముందుకు తోశారు.

చేప ముక్కులో కొన్ని ఎంజైములు ఉంటాయని, నీళ్లతో పాటు లోపలికొచ్చే రసాయనాలను అవి విరిచేసి బయటికి పంపుతాయని చెప్పాను. మురుగు మితిమీరితే అవి చాలవని, అప్పుడు చేపకు వాసన తెలియక మేత కూడా దొరకదని చెప్పబోయేలోపే ఆయన ముఖం వెలిగిపోయింది.

"అంటే చేపల ముక్కులల్లనే ఫిల్టర్ ఉన్నదన్నట్టు. ఇగ మురుగు సాఫ్ చేసేతందుకు మీరడిగే గీ మిషన్లు, పైపులు ఎందుకు మేడం? ఒక లారీ చేపపిల్లలను కుంటల ఇడుద్దాం."

"అసొంటి ఎంజైములు మన ముక్కులల్ల గూడ ఉంటయన్నా. గా దస్తీ తీసి జెరసేపు గీడనే నిలవడుండ్రి," అన్నాను.

"నాకు ఎలర్జీ ఉన్నది మేడం," అన్నాడాయన నొచ్చుకుంటూ.

చేపపిల్లల మాటకు మావాళ్లు చప్పట్లు కూడా కొట్టారు. సాయంత్రానికి కాలనీ గ్రూపులో పోస్టర్ వచ్చేసింది. ఆదివారం చేపపిల్లలు వదిలే కార్యక్రమమట. ఆయన నిలువెత్తు ఫొటో కింద 'శాస్త్రీయ సలహా' అని నా పేరు వేశారు. ముఖ్య అతిథి ఎవరంటే, కుంటలోకి మురుగు వదిలే ఫ్యాక్టరీ యజమాని.

నన్ను రెండు ముక్కలు మాట్లాడమంటున్నారు. ఆ చేపపిల్లలకు ఏం చెప్పమంటారో మీరే చెప్పండి.